పూటకూళ్ళమ్మ గారి కొడుకు – ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారు

ఈసారి గోడపత్రికకి లాయరు పని చేసి తర్వాత రాజకీయాల్లోకి వచ్చిన గొప్పవాళ్ళ జీవితాలు రాయమని మన తొమ్మిదో తరగతికి ఇచ్చారు. ఎక్కువమంది అబ్రహాం లింకన్ పేరు రాయించుకున్నారు. లింకన్ గారు కూడా పేదింట్లో పుట్టినవారే, బడికి అన్నీ కలిపి ఏడాది కూడా వెళ్ళలేదు. గానీ అమెరికా మనకి చాలా దూరం. నేను మన ఆంధ్రాలోనే పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు గారి గురించి రాస్తున్నాను. లింకన్ గారు చనిపోయిన ఏడేళ్ళకి ఈయన పుట్టారు.

ప్రకాశం గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెం అనే పల్లెలో జన్మించారు. తండ్రి గోపాలకృష్ణయ్య గారు, తల్లి సుబ్బమ్మ గారు. ప్రకాశం గారికి పదకొండేళ్ళప్పుడు తండ్రి చనిపోయారు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, సంపాదించేవాళ్ళు లేరు. సుబ్బమ్మ గారు ఏడుస్తూ కూర్చోలేదు. పిల్లల్ని వెంటేసుకుని ఒంగోలు వచ్చి పూటకూళ్ళ ఇల్లు పెట్టారు.

పూటకూళ్ళ ఇల్లు అంటే ఏంటో మనలో చాలామందికి తెలీదు. అప్పుడు ఇప్పటిలాగా వీధికో హోటలు లేదు. కోర్టు పని మీదో కచేరీ పని మీదో ఊరికి వచ్చినవాళ్ళు ఎవరింట్లోనో డబ్బులిచ్చి పూటకి అన్నం తినేవారు. అలా వండిపెట్టే ఇంటిని పూటకూళ్ళ ఇల్లు అనేవారు, వండే ఆవిడని పూటకూళ్ళమ్మ అనేవారు. ఆ పనికి మర్యాద ఉండేది కాదంట. ఆవిడ చేతి అన్నం కడుపునిండా తినేవాళ్ళే ఆవిడని తక్కువగా చూసేవారు. ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. మన మెస్‌లో వంట అక్కలు తెల్లారగట్ల లేచి ఇంతమందికి ఉప్మా కలుపుతారు. వాళ్ళ పిల్లలు ఏం చదువుతున్నారో మనలో ఎంతమందికి తెలుసు?

పూటకూళ్ళ డబ్బులు ఇంటికి సరిపోయేవి కాదు. అందుకని ప్రకాశం గారు వారాలు చేసుకున్నారు. వారాలంటే సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా రోజుకి ఒక ఇల్లు చొప్పున తిని చదువుకోవడం. అప్పట్లో బ్రాహ్మణుల పేద పిల్లలు చాలామంది అలాగే చదువుకునేవారు. ప్రభుత్వ హాస్టళ్ళు లేని కాలం అది. మనకి మెనూ బోర్డు ఉంది, ఆదివారం కోడి కూర ఉంది. ఆయనకి ఏ రోజు ఏ ఇంట్లో ఏం పెడితే అదే.

అలాగని ఆయన బుద్ధిమంతుడైన పిల్లాడు అనుకోవద్దు. నాటకాలంటే పిచ్చి. వేషాలు వేసేవారు, అల్లరి పిల్లలతో తిరిగేవారు. చదువు చెడిపోయేదే. కానీ ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు అనే మాస్టారు చెయ్యి పట్టుకున్నారు. ఆయన మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు, ఆయనకీ నాటకాలంటే ఇష్టమే. నాటకం మానెయ్యమని కొట్టలేదు. నాటకమూ ఆడించారు, చదువూ చదివించారు. తర్వాత మాస్టారు రాజమండ్రి వెళ్తూ ఈ పిల్లాడిని కూడా వెంట తీసుకుపోయారు. కొడుకు కానివాడిని, కులం కానివాడిని, అంత దూరం తీసుకెళ్ళి చదివించారు. నాకు ఈ కథలో అందరికన్నా నాయుడు మాస్టారే ఎక్కువ నచ్చారు.

మూడు రూపాయల సంగతి చెప్పాలి. మిడిల్ స్కూలు పరీక్షకి ఫీజు మూడు రూపాయలు. ఇంట్లో మూడు రూపాయలు లేవు. అడిగినచోట దొరకలేదు. చివరికి సుబ్బమ్మ గారు తన పట్టుచీర తాకట్టు పెట్టి ఫీజు కట్టారు. భర్త చనిపోయిన ఆవిడకి, పదిమందికి వండిపెట్టే ఆవిడకి, పెట్టెలో మిగిలింది ఆ ఒక్క పట్టుబట్టే అయ్యుంటుంది. మా అమ్మకి పట్టుచీర లేదు. అడవిలో అడ్డాకులు కోసి, విస్తర్లు కుట్టి, సంతలో అమ్ముద్ది. నేను ఆరో తరగతిలో చేరినప్పుడు ట్రంకు పెట్టె కొన్నది ఆ డబ్బులతోనే. అందుకే మూడు రూపాయలు అని చదవగానే దాని వెనక ఎన్ని విస్తర్లో నాకు లెక్క వచ్చీసింది.

1890లో ఆయనకి పెళ్ళయింది. భార్య హనుమాయమ్మ గారు, సొంత అక్క కూతురే. నేను చదివిన దాంట్లో సుబ్బమ్మ గారి గురించి ఉన్నంత హనుమాయమ్మ గారి గురించి లేదు. ఈ సంగతి మళ్ళీ చెప్తాను.

ఆయన మద్రాసులో న్యాయశాస్త్రం చదివి సెకండ్ గ్రేడ్ ప్లీడరు అయ్యారు. కొన్నాళ్ళు ఒంగోలులో చేసి, 1894లో రాజమండ్రికి మారిపోయారు. అక్కడ బాగా పేరొచ్చింది, డబ్బులొచ్చాయి. ఎవరికీ భయపడకుండా వాదించేవారు. ఊరి రాజకీయాల్లో దిగి రాజమండ్రి మున్సిపల్ చైర్మన్ కూడా అయ్యారు. వారాల అన్నం తిన్న పిల్లాడు ఊరికి చైర్మన్ అయ్యాడంటే చిన్న విషయం కాదు. అయితే సెకండ్ గ్రేడ్ ప్లీడర్లు కింది కోర్టుల్లోనే వాదించాలి, హైకోర్టులో నిలబడటానికి వీల్లేదు. హైకోర్టులో వాదించాలంటే పెద్ద చదువు కావాలి. బారిస్టర్ అయితే ఆ అడ్డం ఉండదు, గానీ బారిస్టర్ చదువు ఇంగ్లండులోనే ఉంది.

1904లో ఆయన ఓడ ఎక్కారు. అప్పటికి ముప్పై దాటాయి, పెళ్ళయింది, పేరూ సంపాదనా ఉన్నాయి. అవన్నీ పక్కన పెట్టి మళ్ళీ విద్యార్థి అయ్యారు. మనం ఎస్కర్షన్‌లో హార్బర్ దగ్గర పెద్ద పెద్ద ఓడలు చూశాం కదా, ఆయన వెళ్ళిన కాలానికి విశాఖపట్నంలో ఈ హార్బర్ లేదు. ఇది 1933లో ప్రారంభమయింది. అప్పట్లో ఇక్కడ ఓడలు సముద్రంలోనే దూరంగా ఆగేవి, పడవల మీద వెళ్ళి ఎక్కాలి. ఇంగ్లండు వెళ్ళడానికి వారాలు పట్టేది. లండన్‌లో ఉన్నప్పుడు దాదాభాయి నౌరోజీ గారి ఎన్నిక కోసం కూడా ఆయన పనిచేశారు. చదువు పూర్తిచేసి 1907లో బారిస్టర్‌గా తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు.

అప్పుడు మద్రాసులో పెద్ద లాయర్లంటే ఇంగ్లీషువాళ్ళూ తమిళులూ. వాళ్ళ మధ్య ఈ తెలుగాయన నిలబడ్డారు. సంపాదన లక్షల్లో ఉండేదంట. బియ్యం ఎంత చవకో ఆ రోజుల్లో లక్షలు అంటే మీరే ఊహించుకోండి. ఇళ్ళూ ఆస్తులూ కొన్నారు. లా టైమ్స్ అనే న్యాయవాదుల పత్రిక నడిపారు. బెంగాల్ నుంచి బిపిన్ చంద్రపాల్ గారు వచ్చి మద్రాసులో ఉపన్యాసాలు ఇస్తే, దొరలకి కోపం వస్తుందని పెద్దమనుషులు అధ్యక్షత వహించడానికి జంకారు. ప్రకాశం గారు వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

1920లో గాంధీగారు సహాయ నిరాకరణ అన్నారు. పిల్లలు సర్కారు బడులు మానాలి, లాయర్లు కోర్టులు మానాలి. కొంతమంది కొన్నాళ్ళు మాని మళ్ళీ కోర్టుకి వెళ్ళారు. ప్రకాశం గారు 1921లో మొత్తానికి వదిలీసారు. నల్లకోటు మళ్ళీ వేసుకోలేదు.

ఇక్కడ నేను పుస్తకం మూసేశాను. నిజం చెప్తున్నాను, ఆయన మీద నాకు కోపం వచ్చింది. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మా నాన్నకి చదువు రాదు, తాతకీ రాదు. మా ఇంట్లో పేరు రాయడం వచ్చిన మొదటి మనిషిని నేను. కొండ వాలులో మాకు పసుపు వేసే చెక్క ఒకటి ఉంది. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు కింద నుంచి ఒక షావుకారు వచ్చి, ఆ భూమి తాత ఎప్పుడో తనకి ఇచ్చీసినట్టు కాగితం చూపించాడు. కాగితం మీద వేలిముద్ర ఉంది. మాలో ఎవరం దాన్ని చదవలేం. కేసు ఒక ఆఫీసులో పడింది. నాన్న బస్సు ఎక్కి పట్నం వెళ్ళి ఒక వకీలుని మాట్లాడాడు. ఫీజుకి డబ్బులు చాలక రెండు కోళ్ళు, ఒక పసుపు మూట ఇచ్చాడు. నాలుగు వాయిదాలకి వెళ్తే రెండుసార్లు వకీలు రానేలేదు. నాన్న చెట్టు కింద కూర్చుని సాయంత్రం బస్సుకి వచ్చీసాడు. ఆ కేసు ఇంకా నడుస్తోంది. నేను లాయరు అవ్వాలని అనుకున్నది అప్పుడే.

అలాంటప్పుడు అంత గొప్ప వకీలు, బీదతనం అంటే తెలిసిన మనిషి, కోర్టు వదిలీసారంటే నాకెలా ఉంటుంది? గాంధీగారు చెప్పింది దొరల కోర్టుకి సాయం చెయ్యొద్దని. సరే. మరి ఆ కోర్టులో చెట్టు కింద కూర్చున్నవాళ్ళ సంగతేంటి? సుబ్బమ్మ గారి పట్టుచీరతో వచ్చిన చదువు కదా అది. ఇంట్లో హనుమాయమ్మ గారు ఏమనుకున్నారో నేను చదివిన పేజీల్లో లేదు. లక్షల సంపాదన ఒక్కరోజులో ఆగిపోతే పొయ్యి దగ్గర ఉండే మనిషికి ముందు తెలుస్తుంది.

రెండు రోజుల తర్వాత మళ్ళీ పుస్తకం తెరిచాను. ముందుకి చదివితే కథ ఇంకా ఉంది.

1921 అక్టోబరులో ఆయన స్వరాజ్య అనే పత్రిక పెట్టారు. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ తమిళంలోనూ వచ్చేది. దొరల ప్రభుత్వం చేసే తప్పుల్ని రాసేది. ఖాసా సుబ్బారావు గారు, కోటంరాజు రామారావు గారు లాంటి పేరున్న పత్రికావాళ్ళు అందులో పనిచేశారు. జీతాలు సరిగ్గా అందకపోయినా చేశారంట. పత్రిక ఎప్పుడూ నష్టమే. ప్రకాశం గారు లాయరుగా సంపాదించింది అంతా అందులో పోసీసారు. ఆస్తులు పోయాయి, అప్పులు మిగిలాయి. పదేళ్ళకి పైగా నడిచి చివరికి అది మూతపడింది. మన గోడపత్రికకి ఖర్చు ఒక చార్టు, నాలుగు స్కెచ్ పెన్నులు. అదే నెలనెలా తేవడానికి మనం ఎంత కష్టపడుతున్నామో మనకి తెలుసు.

ఇప్పుడు అందరికీ తెలిసిన సంగతి. 1928లో సైమన్ కమిషన్ వచ్చింది. మన దేశానికి ఎలాంటి పరిపాలన ఉండాలో తేల్చడానికి ఏడుగురిని పంపారు. ఏడుగురూ ఇంగ్లండువాళ్ళే, మనవాళ్ళు ఒక్కరూ లేరు. ఫిబ్రవరి 3న వాళ్ళు బొంబాయిలో దిగారు. ఆ రోజు దేశమంతా హర్తాళ్. మద్రాసులో హైకోర్టు దగ్గర, ప్యారీస్ కార్నర్ అనే చోట పోలీసులు కాల్పులు జరిపారు. ఒకతను చనిపోయాడు. ప్రకాశం గారు ఆ శవాన్ని చూడటానికి వెళ్తుంటే పోలీసులు తుపాకులు అడ్డం పెట్టారు, ముందుకొస్తే కాలుస్తామన్నారు. ఆయన చొక్కా గుండీలు విప్పి రొమ్ము చూపించి కాల్చమన్నారు. వాళ్ళు కాల్చలేకపోయారు, దారి ఇచ్చారు. అప్పటినుంచి జనం ఆయన్ని ఆంధ్రకేసరి అన్నారు. కేసరి అంటే సింహం. ఆ రోజుకి ఆయన వయసు యాభై ఐదు. మన పాఠ్యపుస్తకంలో బొమ్మ చూసి నేను పాతికేళ్ళ కుర్రాడు అనుకునేదాన్ని.

నాకు ఇంకొకటి అనిపించింది. ఆయన ఏ హైకోర్టులో లక్షలు సంపాదించారో ఆ హైకోర్టు పక్కనే ఇది జరిగింది. లోపల వాదించడం మానేసి ఏడేళ్ళయింది. ఆ రోజు వీధిలో వాదించారు, చనిపోయిన ఒక మనిషి తరఫున, ఫీజు లేకుండా.

తర్వాత ఉప్పు సత్యాగ్రహం, జైలు. 1941లో వ్యక్తి సత్యాగ్రహం, మళ్ళీ జైలు. 1942లో క్విట్ ఇండియా, ఈసారి దాదాపు మూడేళ్ళు. అప్పటికి డెబ్భై ఏళ్ళ ముసలాయన. జైళ్ళ గురించి ఎక్కువ రాయను, అందరి జీవితాల్లోనూ ఉన్నాయి.

1937 సంగతి మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే అది మన జిల్లాకి సంబంధించింది. ఆ సంవత్సరం ఎన్నికల్లో కాంగ్రెస్ గెలిచింది. బొబ్బిలి రాజా గారు అప్పటిదాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసినవారు, ఆయన్ని సొంత చోటే వి.వి.గిరి గారు ఓడించారు. రాజాజీ గారి మంత్రివర్గంలో ప్రకాశం గారు రెవెన్యూ మంత్రి అయ్యారు. జమీందారీల మీద విచారణకి ఒక కమిటీ వేసి ఆయన్నే అధ్యక్షుడిగా పెట్టారు.

ఆ రోజుల్లో భూములు చాలాచోట్ల జమీందార్లవి. మన విశాఖపట్నం జిల్లాలో విజయనగరం, బొబ్బిలి లాంటి పెద్ద పెద్ద జమీందారీలు ఉండేవి. రైతు తాతల నాటినుంచి దున్నుతున్నా శిస్తు జమీందారుకి కట్టాలి, కట్టకపోతే పశువులు పట్టుకుపోతారు. కమిటీ రైతుల దగ్గరా జమీందార్ల దగ్గరా సాక్ష్యాలు తీసుకుంది. 1938లో నివేదిక ఇచ్చింది. భూమికి హక్కుదారు దున్నే రైతే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే అని దాని సారాంశం. నివేదిక వెంటనే అమలు కాలేదు. యుద్ధం వచ్చింది, మంత్రివర్గం రాజీనామా చేసింది. 1948లో జమీందారీలు రద్దుచేసే చట్టం వచ్చింది. అంటే పది సంవత్సరాలు పట్టింది.

ఇది చదివాక నా కోపం సగం తగ్గింది. సగమే. ఒక వకీలు ఒక రైతు కేసు గెలిస్తే ఆ ఒక్క రైతుకి భూమి వస్తుంది. చట్టం మారితే అడగని రైతుకి కూడా వస్తుంది. మా నాన్న కేసులో వకీలు చెప్పినది ఒకే ఒక్క మంచి మాట, 1/70 చట్టం మన వైపు ఉందని. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడానికి వీల్లేదని 1970లో వచ్చిన చట్టం అది. దాన్ని కోర్టులో వాదించినవాళ్ళు తయారుచెయ్యలేదు, ప్రభుత్వంలో ఉన్నవాళ్ళు చేశారు. కానీ చట్టం ఉన్నా దాన్ని పట్టుకుని వాయిదాకి వచ్చి నిలబడే మనిషి కావాలి కదా. అందుకే సగం అన్నాను.

మన కొండల సంగతి వేరేగా ఉండేది. 1839లోనే ఒక చట్టం చేసి గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాల్ని మామూలు కోర్టుల నుంచి తప్పించారు. అక్కడ కలెక్టరే ఏజెంటు, ఆయన మాటే తీర్పు. ఏజెన్సీ అన్న పేరు అలాగే వచ్చింది. ప్రకాశం గారు రాజమండ్రి కోర్టులో వాదిస్తున్న రోజుల్లో మా ముత్తాతల కేసు ఏదైనా ఉంటే అది ఆ కోర్టుకి వచ్చేది కాదు. ఆయన జీవితంలో మనవాళ్ళు ఎక్కడ ఉన్నారా అని వెతికితే నాకు పెద్దగా కనపడలేదు. అయినా రాస్తున్నాను.

1946 ఏప్రిల్ 30న ఆయన మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. అప్పుడు ప్రధానమంత్రి అనేవారు. మద్రాసు అంటే ఇప్పటి తమిళనాడు, మన కోస్తా, రాయలసీమ, మలబారు అన్నీ కలిసిన పెద్ద రాష్ట్రం. పల్లెలు బాగుపడాలని ఫిర్కా పథకం పెట్టారు. బట్టల మిల్లులు పెరిగితే మగ్గాలు పోతాయని అడ్డుపడ్డారు. ఏడాది తిరక్కుండానే, 1947 మార్చిలో సొంత పార్టీవాళ్ళే ఆయన్ని దింపేశారు.

ఆయన చేసినవన్నీ మంచివే అని నేను రాయను. 1947 జనవరిలో ఆయన ప్రభుత్వం ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. విచారణ లేకుండా మనుషుల్ని జైల్లో పెట్టొచ్చు. కమ్యూనిస్టుల్ని చాలామందిని అలా పట్టుకున్నారు. దాన్ని ప్రకాశం ఆర్డినెన్స్ అనే పిలిచేవారు. అన్ని సంవత్సరాలు జైల్లో ఉన్న మనిషి, కోర్టు అంటే ఏంటో తెలిసిన మనిషి, కోర్టు లేకుండా జైలు ఎలా ఒప్పుకున్నారో నాకు అర్థం కాలేదు. సోషల్ సార్ గారిని అడిగితే కుర్చీలో కూర్చున్నవాళ్ళకి వేరేగా కనపడుతుందన్నారు. నాకు అది జవాబులా అనిపించలేదు.

ధైర్యం మాత్రం ముసలితనంలో కూడా తగ్గలేదు. 1948లో హైదరాబాదులో రజాకార్ల గొడవలు జరుగుతున్నప్పుడు, వెళ్ళొద్దని నెహ్రూ గారు చెప్పినా వినకుండా వెళ్ళి, రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీని కలిసి మాట్లాడి వచ్చారు.

పొట్టి శ్రీరాములు గారి ప్రాణత్యాగం తర్వాత 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మొదటి ముఖ్యమంత్రి ప్రకాశం గారే. ఎనభై ఒక్క ఏళ్ళు. కర్నూలులో మేడలు చాలక ఆఫీసులు డేరాల్లో పెట్టారు. డేరాల్లోంచే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, గుంటూరులో హైకోర్టు వచ్చాయి, రెండూ 1954లోనే. బెజవాడ దగ్గర కృష్ణ మీద పాత ఆనకట్ట 1952లో దెబ్బతింటే కొత్త బ్యారేజీ పని కూడా ఆయన కాలంలోనే మొదలయింది. అది 1957లో పూర్తయింది. దానికి ఆయన పేరే పెట్టారు. గుంటూరు హైకోర్టు దగ్గర నేను కాసేపు ఆగాను. తెలుగువాళ్ళు కేసు కోసం మద్రాసు దాకా వెళ్ళక్కర్లేకుండా అయింది. కోర్టు వదిలిన మనిషి కాలంలోనే అది జరిగింది.

పదమూడు నెలలకే ఆ ప్రభుత్వం పడిపోయింది. కారణం మద్యనిషేధం. నిషేధం సరిగ్గా జరగట్లేదు, ఎత్తెయ్యాలని ఒక కమిటీ చెప్పింది. ప్రకాశం గారు ఎత్తనన్నారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం పెట్టారు, ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. ఒక్క ఓటు! మన హాస్టల్ మానిటర్ ఎన్నికలో కూడా మూడు ఓట్ల తేడా వచ్చింది.

సారా సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం వల్ల 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన పూర్తి నిషేధం 1997లో ఎత్తేశారు. మా ఊళ్ళో జీలుగు కల్లు పండక్కి తాగుతారు, అది దేవుడికి కూడా పెడతాం, దాన్నీ కొట్లో అమ్మే సీసానీ ఒకటే అనకూడదు. కానీ సీసా వచ్చాక సంత డబ్బులు ఇంటికి రావడం తగ్గిందని మా అమ్మ అంటుంది. ఈ విషయంలో ఒక్క ఓటు నాకుంటే ప్రకాశం గారికే వేసేదాన్ని.

పదవి పోయాక ఆయన దగ్గర ఏమీ లేదు. ఇల్లు లేదు, డబ్బు లేదు. స్నేహితులూ అభిమానులూ చూసుకునేవారు. సాయం అడిగి ఎవరైనా వస్తే ఆ చేతిలో ఉన్నది ఈ చేతికి ఇచ్చీసేవారంట. నేను మా రూంలో ఈ సంగతి చెప్తే పెద్ద గొడవ అయింది. సగంమంది దేవుడు అన్నారు, సగంమంది ఇంట్లోవాళ్ళని చూడని మనిషి దేవుడు ఎలా అవుతాడన్నారు. లైట్లు ఆపే బెల్లు కొట్టేదాకా తేలలేదు.

1957 వేసవిలో, ఎనభై నాలుగేళ్ళ వయసులో, ఒంగోలు దగ్గర ఒక దళితవాడకి వెళ్ళారు. ఎండ తీవ్రంగా ఉంది. వడదెబ్బ తగిలింది. హైదరాబాదు ఆసుపత్రిలో చేర్చారు. మే 20న మరణించారు. పదకొండేళ్ళప్పుడు తల్లి వెంట నడిచి వచ్చిన ఊరు ఒంగోలే, ఆఖరిసారి ఎండలో నడిచిందీ ఆ ఒంగోలు దగ్గరే. 1972లో ఆ జిల్లాకి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. అప్పటికి ఆయన పుట్టి సరిగ్గా నూరేళ్ళు.

ఆయన తన కథని నా జీవిత యాత్ర అనే పేరుతో తనే రాసుకున్నారు. మూడు భాగాలు ఆయనవి. నాలుగో భాగం మన విశాఖపట్నం నాయకుడు తెన్నేటి విశ్వనాథం గారు రాశారు. ఆయన కూడా లాయరే, జైలుకి వెళ్ళినవారే, ప్రకాశం గారి ప్రభుత్వంలో మంత్రిగా చేశారు. మనం సముద్రం ఒడ్డున ఆడుకున్న తెన్నేటి పార్కు ఆయన పేరు మీదే ఉంది. 1966లో విశాఖ ఉక్కు కోసం అమృతరావు గారు నిరాహారదీక్ష చేసినప్పుడు అన్ని పార్టీల కమిటీకి తెన్నేటి గారే పెద్ద. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతా కలిపి 32 మంది కాల్పుల్లో చనిపోయారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ గారు స్టీల్ ప్లాంటుకి శంకుస్థాపన చేశారు. వచ్చే నెల తెన్నేటి గారి గురించి ఎవరైనా రాస్తే బాగుంటుంది. నేనైతే రాయను, చేతి నొప్పి ఇంకా తగ్గలేదు.

నా జీవిత యాత్ర మన లైబ్రరీ బీరువాలో కింది అరలో ఉంది. అట్ట ఊడిపోయింది, మొదటి పేజీలు జారిపోతాయి. తీసేటప్పుడు రెండు చేతులతో తియ్యండి. పట్టుచీర సంగతి మొదటి భాగంలోనే ఉంటుంది.